బీల మీద బాయిలర్

సోంపేట థర్మల్ కాగితాల్లోనూ, కాకరాపల్లి థర్మల్ కాగితాల్లోనూ ఒకటే అంకె ఉంది: 2,640 మెగావాట్లు. మొదటిది నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ తలపెట్టింది, రెండోది ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ. రెండూ శ్రీకాకుళం జిల్లా తీరం వెంబడే. ఒకటి బారువ పక్కన, ఇంకొకటి సంతబొమ్మాళి మండలంలో. యజమానులు వేరైనా అంకె మాత్రం కూడబలుక్కున్నట్టు కలిసింది. కారణం చాలా మామూలుది. నాలుగు 660లు కలిపితే 2,640. 2008 ప్రాంతంలో పెద్ద థర్మల్ కేంద్రం కట్టాలనుకున్నవాళ్లు 660 మెగావాట్ల సూపర్ క్రిటికల్ యూనిట్లనే లెక్కలోకి తీసుకునేవారు. తమాషా ఏమిటంటే అప్పటికి మన దేశంలో ఆ రకం యూనిట్ ఒక్కటి కూడా తిరగడం లేదు. మొదటిది 2010 చివర్లో గుజరాత్‌లోని ముంద్రాలో మొదలైంది.

2003 విద్యుత్ చట్టం వచ్చాక థర్మల్ కేంద్రం కట్టడానికి లైసెన్సు అవసరం లేకుండా పోయింది. భూమి, బొగ్గు, నీరు, పర్యావరణ అనుమతి, అప్పిచ్చే బ్యాంకు ఉంటే చాలు. నెల్లూరు నుంచి ఇచ్ఛాపురం దాకా సముద్రపు ఒడ్డున ఎక్కడ చదునైన నేల కనిపించినా ఎవరో ఒకరు దాని మీద బాయిలర్ బొమ్మ గీసుకున్నారు. ఆ బొమ్మ తీరానికే ఎందుకు అతుక్కుంటుందో తెలియాలంటే ముందు బాయిలర్ లోపలికి వెళ్లాలి.

నీరు మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఒత్తిడి పెంచితే మరిగే వేడి కూడా పెరుగుతుంది. వంటింట్లో కుక్కర్ పనిచేసేది ఈ సూత్రం మీదే, అందులో నీరు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఒత్తిడిని ఇంకా, ఇంకా పెంచుకుంటూ పోతే ఒక చోట ఈ వ్యవహారమే ఆగిపోతుంది. వాతావరణ పీడనానికి సుమారు 220 రెట్లు, 374 డిగ్రీల వేడి. ఆ హద్దు దాటాక నీటికీ ఆవిరికీ తేడా ఉండదు. బుడగలు రావు, మరగడం అనే ఘట్టమే ఉండదు. ఒక చివర నీరుగా ప్రవేశించింది ఇంకో చివర ఆవిరి లక్షణాలతో బయటపడుతుంది. సూపర్ క్రిటికల్ అంటే ఈ హద్దుకు అవతల నడిచే బాయిలర్. 660 మెగావాట్ల యూనిట్‌లో ఆవిరి సుమారు 565 డిగ్రీల వేడితో, వాతావరణానికి 240 రెట్లకు పైబడిన ఒత్తిడితో టర్బైన్‌కు చేరుతుంది. గంటకు సుమారు 2,000 టన్నులు.

ఇంత తంటా ఎందుకంటే, ఉష్ణయంత్రం ఎంత పని చేస్తుందన్నది రెండు ఉష్ణోగ్రతల మధ్య ఎడం మీద ఆధారపడుతుంది. సాదీ కార్నో అనే ఫ్రెంచి ఇంజినీరు 1824లోనే ఈ సంగతి తేల్చాడు. పైన 565 డిగ్రీలు, కింద కండెన్సర్‌లో 40 డిగ్రీలు అనుకుంటే, లోకంలో ఏ లోపమూ లేని యంత్రం కూడా వేడిలో నూటికి 63 వంతులకు మించి పనిగా మార్చలేదు. నిజం యంత్రం 38 నుంచి 40 వంతుల దగ్గర ఆగుతుంది. పైనున్న ఉష్ణోగ్రతను పెంచడానికి ఉక్కు ఒప్పుకోవాలి. కిందున్న దాన్ని తగ్గించడానికి నీళ్లు కావాలి, చాలా నీళ్లు. ఆ నీళ్ల దగ్గరికి మళ్లీ వస్తాను, ఈ అధ్యాయానికి అసలు ఆయువుపట్టు అదే.

బొగ్గును రాళ్లుగా కాల్చరు. మిల్లుల్లో ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా పొడి చేసి, వేడి గాలితో కలిపి కొలిమిలోకి ఊదుతారు. ఆ పొడి రేణువు లోపలికి వెళ్లిన ఒకటి రెండు క్షణాల్లో కాలిపోతుంది. కొలిమి గోడలంతా గొట్టాలే, వాటిలో నీరు పైకి పరుగెడుతూ ఉంటుంది. ఈ కట్టడం ముప్పై అంతస్తుల మేడంత ఎత్తుంటుంది, అయినా నేల మీద ఆనదు. పైనున్న ఉక్కు దూలాలకు వేలాడుతుంది. చల్లారి ఉన్నప్పటికీ కాలుతున్నప్పటికీ దాని పొడవులో దాదాపు ఒక అడుగు తేడా వస్తుంది. కింద బిగిస్తే గొట్టాలు వంకర్లు పోతాయి కాబట్టి, వ్యాకోచం కిందికి జరగడానికి చోటు వదులుతారు. ఇంత బరువు నాలుగు యూనిట్లకు నాలుగు చోట్ల వేలాడాలంటే కింది నేల గట్టిదై ఉండాలి, కాకపోతే లోతుగా పైల్స్ దింపి గట్టి చేయాలి. ఈ మాట గుర్తుంచుకోండి.

టర్బైన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. సెకనుకు 50 చుట్లు. మన ఇంట్లో కరెంటు 50 హెర్ట్జ్ కావడం ఈ చుట్ల లెక్కే. ఆవిరి టర్బైన్‌లో ముందుకు పోతున్నకొద్దీ ఒత్తిడి వదిలేసి ఉబ్బుతుంది. చివరి వరసలోకి వచ్చేసరికి ఒక కిలో ఆవిరి పన్నెండు, పదమూడు ఘనపు మీటర్ల చోటు ఆక్రమిస్తుంది, అంటే ఒక చిన్న గదిలో సగం. అందుకే చివరి వరస రెక్కలు మీటరు పొడవు దాకా ఉంటాయి. ఆ రెక్కల కొసలు సెకనుకు అర కిలోమీటరు వేగంతో కదులుతాయి. ఇవి తయారు చేయగలిగిన ఫ్యాక్టరీలు లోకంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్నే.

నడపడం కట్టడమంత గొప్పగా కనిపించదు కానీ కష్టం దాంట్లోనే ఎక్కువ. చల్లారిపోయిన యూనిట్‌ను మళ్లీ వెలిగించాలంటే ముందు బొగ్గు పనికిరాదు, ఫర్నేస్ ఆయిల్ కాల్చి కొలిమిని వేడి చేయాలి. మందమైన లోహం ఒక పక్క వేడెక్కి ఇంకో పక్క చల్లగా ఉంటే పగుళ్లు పడతాయి గనక గంటల తరబడి మెల్లగా వేడి పెంచాలి. యూనిట్ ఆపేశాక కూడా టర్బైన్ ఇరుసును మెల్లగా తిప్పుతూనే ఉండాలి. ఆపితే వేడి మీదున్న ఇరుసు దాని బరువుకే వంగుతుంది. కరెంటు మొత్తం పోయిన రాత్రి కూడా ఆ బేరింగులకు నూనె అందించడానికి బ్యాటరీలతో నడిచే పంపులు సిద్ధంగా ఉంటాయి. గ్రిడ్ మొత్తం చీకటైతే, వేల మెగావాట్ల థర్మల్ కేంద్రం తనంతట తాను లేవలేదు. మిల్లులు, ఫ్యాన్లు, నీటి పంపులు తిరగడానికి బయటి నుంచి కరెంటు రావాలి. అలాంటప్పుడు ముందు లేచేవి జలవిద్యుత్ కేంద్రాలు. గేటు ఎత్తితే నీరు పడుతుంది, చక్రం తిరుగుతుంది. ఉత్తరాంధ్రకు మొదటి పెద్ద కరెంటు ఇచ్చింది అలాంటి కేంద్రమే. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ మొత్తం సామర్థ్యం సుమారు 115 మెగావాట్లు. సోంపేటలో అనుకున్న ఒక్క యూనిట్‌లో ఐదో వంతు కూడా కాదు.

ఇక బొగ్గు లెక్క. మన బొగ్గు కిలో సుమారు 3,500 కిలోకేలరీలు ఇస్తుందనుకుంటే, ఈ యంత్రానికి ఒక యూనిట్ కరెంటుకు 600 గ్రాముల పైచిలుకు బొగ్గు కావాలి. 2,640 మెగావాట్లు పూర్తిగా నడిస్తే రోజుకు దాదాపు 40,000 టన్నులు. ఒక గూడ్సు రేక్‌లో 58 వ్యాగన్లు, మోసేది నాలుగు వేల టన్నుల లోపు. అంటే రోజుకు పది రేకులు నిండుగా రావాలి, పది ఖాళీగా పోవాలి. పలాస, నౌపడ, శ్రీకాకుళం రోడ్, విజయనగరం స్టేషన్లలో ప్లాట్‌ఫారం మీద నిలబడే అలవాటున్నవాళ్లకు ఈ దృశ్యం కొత్తది కాదు. తాల్చేర్ గనుల నుంచి పరవాడ దగ్గరి సింహాద్రి ఎన్టీపీసీకి బొగ్గు పోయేది ఈ దారినే. పట్టాల మీద సుమారు ఆరు వందల కిలోమీటర్లు.

సింహాద్రి గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే మన ఈ మూలన నిజంగా కట్టి, నిజంగా నడుస్తున్న పెద్ద కేంద్రాల్లో అది మొదటిది. మొదటి యూనిట్ 2002లో గ్రిడ్‌కు కలిసింది. ఇప్పుడు నాలుగు 500లు, 2,000 మెగావాట్లు. ఇవి సూపర్ క్రిటికల్ కాదు, నీటినీ ఆవిరినీ విడదీసే డ్రమ్ము ఉన్న పాత పద్ధతివి. చల్లబరచడానికి బంగాళాఖాతం నీరు వాడుతుంది, బాయిలర్‌కూ తాగడానికీ మంచినీరు ఏలేరు కాలువ నుంచి తెచ్చుకుంటుంది. 165 మీటర్ల ఎత్తున్న దాని కూలింగ్ టవర్లను చూసి చాలామంది వాటిలోంచి పొగ వస్తోందనుకుంటారు. అది ఆవిరే. పొగ వచ్చేది పక్కనున్న సన్నటి పొగగొట్టంలోంచి, దాని ఎత్తు 275 మీటర్లు. ఆ పొగే కంటికి సరిగ్గా కనిపించదు.

కనిపించేది బూడిద. తాల్చేర్ బొగ్గులో నూటికి 35 నుంచి 45 పాళ్లు బూడిదే. 58 వ్యాగన్ల రేక్ వచ్చిందంటే అందులో ఇరవై మూడు వ్యాగన్లు కాలని మట్టిని మోసుకొచ్చినట్టే లెక్క. దేశీయ బొగ్గుతోనే నడిపితే 2,640 మెగావాట్ల కేంద్రం నుంచి రోజుకు పదిహేను వేల టన్నుల ప్రాంతంలో బూడిద దిగుతుంది. అందులో నాలుగో వంతు కన్నా తక్కువ కొలిమి అడుగున పడుతుంది, మిగతాది పొగతో పాటు ఎగురుతుంది. దాన్ని పట్టుకోవడానికి విద్యుదావేశం పెట్టిన పలకల మధ్యనుంచి పొగను పంపిస్తారు. బాగా పనిచేస్తే నూటికి 99.9 పాళ్లకు మించి పట్టుకుంటుంది. పట్టుకున్నది సిమెంటు కంపెనీలకు, ఇటుకలకు, రోడ్లకు పోవాలి. పోనిది నీళ్లతో కలిపి బూడిద చెరువుకు పంపుతారు. చెరువు తడిగా ఉన్నంతసేపు పేచీ లేదు. ఎండి, ఈదురుగాలి కొట్టిన రోజు అది పక్క ఊళ్ల దండేల మీదా, అన్నం కంచాల్లోనూ పడుతుంది. పరవాడ చుట్టుపక్కల ఊళ్లవాళ్ల ఫిర్యాదు ఏళ్ల తరబడి ఇదే.

ఇప్పుడు నీళ్లు. వంద వంతుల వేడిలో నలభై వంతులు కరెంటు అయ్యాయి. పది, పన్నెండు వంతులు పొగగొట్టం దారి పట్టాయి. మిగిలిన నలభై ఎనిమిది వంతులూ ఎక్కడికి పోవాలి? పనిచేసి అలిసిన ఆవిరిని తిరిగి నీరుగా మారిస్తేనే పంపుతో బాయిలర్‌లోకి ఎక్కించగలం. ఆ మార్పిడి జరిగే చోటు కండెన్సర్. వేలాది గొట్టాల్లో చల్లటి నీరు పోతుంటే బయట ఆవిరి తగిలి నీరవుతుంది. 2,640 మెగావాట్ల కేంద్రం ఇలా వదిలించుకోవలసిన వేడి మూడు వేల మెగావాట్లకు పైనే. అంటే అది అమ్మే కరెంటు కన్నా పారబోసే వేడే ఎక్కువ.

సముద్రపు నీటిని ఒక పక్క తోడి, ఏడు డిగ్రీలు వేడెక్కించి, ఇంకో పక్క వదిలేసే పద్ధతి అయితే సెకనుకు లక్ష లీటర్లకు పైగా కావాలి. మన రైతులకు తెలిసిన కొలతలో చెబితే 3,500 క్యూసెక్కులకు మించిన ప్రవాహం. దీనికి బదులు కూలింగ్ టవర్ కడితే తోడవలసిన నీరు చాలా తగ్గుతుంది కానీ అందులో కొంత ఆవిరై గాల్లో కలుస్తుంది. రోజుకు ఎనిమిది కోట్ల లీటర్లకు పైగా. సముద్రపు నీరైతే ఆవిరి పోయి ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పు గొట్టాల్లో గట్టిపడకుండా ఎప్పటికప్పుడు కొంత నీటిని బయటికి వదలాలి. అలా వదిలేది సముద్రం కన్నా ఉప్పగా, కాస్త వెచ్చగా ఉంటుంది. అది ఎక్కడ కలుస్తుందో అక్కడి చేపకు ఆ తేడా తెలుస్తుంది.

బొగ్గు రైలూ, వీలైతే దిగుమతి బొగ్గుకు ఓడరేవూ, దగ్గర్లో సముద్రం, చవకగా ఒక్కచోట దొరికే వెయ్యీ రెండు వేల ఎకరాల చదును, 400 కిలోవోల్టుల లైను కలపడానికి దారి. ఇన్నీ ఒకేచోట కావాలన్నవాడు పటం ముందేసుకుంటే వేలు ఎక్కడ ఆగుతుంది? శ్రీకాకుళం జిల్లాలో హౌరా–చెన్నై రైలు మార్గం, జాతీయ రహదారి, సముద్రం దాదాపు పక్కపక్కనే పోతాయి. ఆ ఇరుకు పట్టీలో ఊళ్లూ, కొబ్బరీ, జీడీ, వరీ ఆక్రమించని నేల ఏదైనా మిగిలి ఉంటే అది తప్పకుండా నీళ్లు నిలిచే నేలే. సోంపేట దగ్గర దాన్ని బీల అంటారు, సంతబొమ్మాళి వైపు తంపర అంటారు. రెవెన్యూ రికార్డులో దానికి పట్టాదారు ఉండడు కాబట్టి ప్రభుత్వ భూమి. పటం మీద అది ఖాళీ.

ఖాళీ అన్న ఆ ఒక్క మాటలోనే తప్పంతా ఉంది. ఇక్కడ తూర్పు కనుమలు సముద్రానికి చాలా దగ్గర. 1,501 మీటర్ల మహేంద్రగిరి నుంచి బారువ తీరానికి నలభై కిలోమీటర్లు కూడా లేదు. కొండ మీద కురిసిన వాన మహేంద్రతనయలోనూ, లెక్కలేనన్ని గెడ్డల్లోనూ గంటల్లో కిందికి దిగుతుంది. తీరాన ఇసుక దిబ్బలు అడ్డం. దిబ్బకూ మెట్టకూ మధ్య పల్లంలో ఆ నీరు ఆగి, పరుచుకుని, తీరిగ్గా ఇంకుతుంది. ఇంకిన నీరు భూమిలోపల మంచినీటి పొరగా నిలిచి, సముద్రపు ఉప్పునీటిని అవతలే ఆపుతుంది. మంచినీరు ఉప్పునీటి కన్నా తేలిక. తీరప్రాంతంలో భూగర్భ మంచినీటి మట్టం సముద్రమట్టం కన్నా ఒక మీటరు పైన ఉంటే, కింద దాదాపు నలభై మీటర్ల లోతు దాకా మంచినీరు నిలుస్తుందని భూగర్భ జల శాస్త్రంలో ఒక పాత లెక్క. మట్టం ఒక మీటరు పడిపోతే నలభై మీటర్ల మంచినీరు పోయినట్టు. బీల చేసే పని ఆ మీటరును కాపాడటం. ఆ పక్కనే ఉన్న ఉద్దానం ఇప్పటికే కారణం తేలని కిడ్నీ జబ్బుతో, తాగునీటి బెంగతో బతుకుతోంది. అలాంటి చోట బావి నీళ్లతో ఆటలాడటం ఎవరికీ మంచిది కాదు.

పల్లంలో బాయిలర్ నిలబెట్టాలంటే ఏం చేయాలి? ముందు నేల ఎత్తు పెంచాలి. వెయ్యి ఎకరాలను రెండు మీటర్లు ఎత్తు చేయాలంటే 80 లక్షల ఘనపు మీటర్ల గ్రావెల్ కావాలి. పది ఘనపు మీటర్ల టిప్పరుతో ఎనిమిది లక్షల ట్రిప్పులు. ఆ మట్టి కోసం ఎక్కడో కొండలు తొలవాలి. సరే, తొలిచి పోశారనుకుందాం. ఇదివరకు ఆ వెయ్యి ఎకరాల్లో ఆగిన నీరు ఆవిరైపోదుగా. తుపాను వానకు అక్కడ ఒక అడుగు నీరు నిలిచేదనుకుంటే, పన్నెండు లక్షల ఘనపు మీటర్ల నీరు చుట్టూ ఉన్న చేలల్లోకీ ఊళ్లలోకీ కొత్త దారి వెతుక్కుంటుంది. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ దాటింది ఈ ఒడ్డు మీదుగానే, దాని చుట్టుపక్కలే. బీలలో బాయిలర్ ఉండి ఉంటే ఆ రాత్రులు ఇంకెలా ఉండేవో ఊహించుకోవచ్చు. చిత్రమేమిటంటే థర్మల్ ఇంజినీరు పొగను వెయ్యో వంతు దాకా కొలుస్తాడు, ఆవిరి వేడిని డిగ్రీ లెక్కన పట్టుకుంటాడు. పునాది కింది వాననీటి లెక్క దగ్గరికి వచ్చేసరికి అదొక డ్రైనేజీ కాలువతో తీరిపోయే చిల్లర పని అవుతుంది.

బారువ, గొల్లగండి, బెంకిలి, లక్కవరం చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఈ లెక్కలు పుస్తకంలో చదివి తెలియనక్కర్లేదు. బీల నీటితో సాగు చేసుకునేది వాళ్లే, చేపలు పట్టుకునేది వాళ్లే, పశువుల్ని మేపుకునేది అక్కడే. పర్యావరణ పరిరక్షణ సంఘం పేరుతో వాళ్లు దీక్షకు కూర్చున్నారు, అనుమతిని సవాలు చేశారు. కేంద్ర విద్యుత్ శాఖకు కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎ.ఎస్. శర్మ వాళ్ల పక్షాన నిలిచారు. థర్మల్ కేంద్రాల సంగతి తెలియక వ్యతిరేకిస్తున్నారన్న మాట ఆయన విషయంలో ఎవరూ అనలేకపోయారు. 2010 జులై 14న పోలీసుల కాల్పుల్లో అక్కడి రైతులు ప్రాణాలు కోల్పోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీళ్ల ప్రాధికార సంస్థ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ తీర్పుకు ఆధారం ఊళ్లవాళ్లు మొదటి నుంచీ చెబుతున్న మాటే: అది చిత్తడి నేల.

కాకరాపల్లి కథ ఇంకా దారుణంగా నడిచింది. అక్కడి తంపర నౌపడ ఉప్పు మళ్లకూ, మత్స్యకారుల వేటకూ ఆనుకుని ఉంది. తేలినీలాపురం చెట్ల మీద గూళ్లు కట్టుకునే పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు మేతకు వచ్చేది ఆ నీళ్లలోకే. వాటిని సైబీరియా పక్షులనడం మనకు అలవాటైంది. నిజానికి అక్కడికొచ్చే మచ్చల ముక్కు పెలికాన్ దక్షిణాసియా పక్షి, దానికి సైబీరియాతో పనిలేదు. అంత దూరం నుంచి వచ్చిందంటేనే విలువ ఇస్తామేమో మనం. 2011 ఫిబ్రవరి 28న కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు, వడ్డితాండ్రలో ఇళ్లు తగలబడ్డాయి. ఆ తరవాత కేంద్ర పర్యావరణ శాఖ పనులు ఆపమంది. మళ్లీ కొంత సాగాయి, మళ్లీ ఆగాయి. చివరికి కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఆ కేంద్రం నుంచి ఈనాటికీ ఒక్క యూనిట్ కరెంటు రాలేదు. సోంపేట వదిలిన నాగార్జున వాళ్లు నెల్లూరు జిల్లాలో వేరే భాగస్వామితో కలిసి రెండు 660ల కేంద్రం చేపట్టారు, అది పూర్తయింది, చేతులు మారి నడుస్తోంది. ఆ ఇంజినీరింగు వేరే చోటికి తరలగలిగింది. బీల తరలలేదు.

మరి కరెంటు వద్దా అనే ప్రశ్న ఎదురవుతుంది. న్యాయమైన ప్రశ్నే. విజయనగరం జిల్లాలో గరివిడి, బొబ్బిలి వైపు ఫెర్రో అల్లాయ్స్ కొలిములున్నాయి. ఒక టన్ను ఫెర్రోక్రోమ్ తీయడానికి మూడు వేల యూనిట్లకు పైగా కావాలి. కరెంటు రేటు కాస్త పెరిగితే ఆ కొలిములు ఆరిపోతాయి, వందల కుటుంబాలు బిత్తరపోతాయి. విజయవాడకో, చెన్నైకో వలసపోయే శ్రీకాకుళం కుర్రాడికి ఊళ్లోనే పని దొరుకుతుందంటే ఆశ పుట్టదా? నాకు ఈ వాదన చిన్నది కాదు. కానీ కరెంటుకు ఒక గుణం ఉంది: అది పుట్టిన చోటే వాడాలనే నియమం లేదు. తాల్చేర్ నుంచి కర్ణాటకలోని కోలార్ దాకా 2003లో ఒక డీసీ లైను వేశారు. 500 కిలోవోల్టుల మీద 2,500 మెగావాట్ల దాకా 1,300 కిలోమీటర్లకు పైగా మోస్తుంది. నలభై పాళ్లు బూడిద ఉన్న బొగ్గును రైల్లో మోసుకొచ్చి మన చెరువులో పోసుకోవడం కన్నా గని దగ్గరే కాల్చి తీగ మీద తెచ్చుకోవడం నయమని ఇంజినీరింగు లెక్క ఒప్పుకుంటుంది. అప్పుడు బూడిద తాల్చేర్ ఊళ్ల మీద పడుతుంది, నిజమే. బొగ్గు కాల్చినంతకాలం ఎవరో ఒకరి కంచంలో అది పడక తప్పదు, ఒక యూనిట్‌కు దాదాపు ఒక కిలో కార్బన్ డయాక్సైడు అందరి గాలిలోనూ కలవకా తప్పదు.

పదిహేనేళ్లలో లెక్కలు ఇంకో విధంగానూ మారాయి. మధ్యాహ్నం సోలార్ కరెంటు ముంచెత్తుతున్నప్పుడు పెద్ద థర్మల్ యూనిట్లను సగానికి తగ్గించమంటున్నారు, సాయంత్రం చీకటి పడగానే ఎత్తమంటున్నారు. నిలకడగా కాలడానికి పుట్టిన బాయిలర్‌కు ఈ ఎక్కుడు దిగుడు పడదు, గొట్టాలు అలిసిపోతాయి. సింహాద్రి తన నీటి రిజర్వాయరు మీదే 2021లో 25 మెగావాట్ల తేలే సోలార్ పలకలు పరిచింది. చిన్నదే, అయినా గాలి ఎటు తిరిగిందో చెబుతుంది. సాయంత్రపు నాలుగైదు గంటల కరెంటు కోసం థర్మల్ ఇంకా కావాలనే వాదన మాత్రం బతికే ఉంది. అందుకే శ్రీకాకుళం జిల్లాలోనే సరుబుజ్జిలి, బూర్జ మండలాల వైపు ఇటీవల మరో థర్మల్ ప్రతిపాదన వచ్చింది, అక్కడి ఆదివాసీ ఊళ్లు వద్దంటున్నాయి. ఈసారి సముద్రం లేదు, నది నీరే దిక్కు. నిబంధన ప్రకారం కొత్త కేంద్రం ఒక మెగావాట్ గంటకు మూడు ఘనపు మీటర్ల నీటిని మించకూడదు. పూర్తిగా నడిపితే ప్రతి వెయ్యి మెగావాట్లకూ ఏడాదికి దాదాపు ఒక టీఎంసీ. వంశధార, నాగావళి రైతు వేసుకోవలసిన మొదటి లెక్క ఇది.

ఇలాంటి కేంద్రం మీ మండలానికి వస్తుందని తెలిస్తే అనుకూలమా వ్యతిరేకమా అని తేల్చుకునేముందు కాగితం చేతికి తెచ్చుకోండి. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో చూడటానికి పెట్టాలి, దాని సారాంశం తెలుగులో ఉండాలి. పొగ గురించిన పేజీలు ఎలాగూ అందరూ చదువుతారు. మీరు ముందు నీటి పేజీలు తీయండి. ఆ స్థలంలో వానాకాలం నీరు ఎక్కడ ఆగుతుందో, ఎటు పోతుందో చూపే పటం ఉందా, ఆ పటం మీ ఊరి పెద్దలకు తెలిసిన సంగతితో సరిపోతుందా చూసుకోండి. సరిపోకపోతే ఆ మాట సభలో నిలబడి చెప్పి, రాతపూర్వకంగా కూడా ఇవ్వండి. ఆ సభను వీడియో తీయాలి, అక్కడ చెప్పిన అభ్యంతరాలను మినిట్స్‌లో చేర్చాలి. సోంపేట ఊళ్లవాళ్లు ఢిల్లీలో గెలిచింది ఆ నేల మీద నీళ్లున్నాయని నిరూపించుకునే.